ఏ నెలకు ఏ బీరు: అనంతపురం నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి చివర

ఈ రోజు షీట్ తెరిచి పేరు పెట్టాను: "ఏ నెలకు ఏ బీరు". ఇందులో బీరు తయారుచేసే పని లేదు. లైసెన్సు లేకుండా ఇంట్లో తయారుచేస్తే నేరం, ఆ దారిలోకి మేం పోవడం లేదు. మేం చేసేది రుచి చూడడం, రాసుకోవడం, "ఏది తాగితే బాగుంటుంది మామా?" అని అడిగినవాళ్లకు ఆ మనిషికి తగినది చెప్పడం.

అనంతపురంలో షాపు ముందు కాసేపు నిలబడితే వినిపించేవి రెండే మాటలు: స్ట్రాంగా, లైటా. ఆల్కహాల్ 5 శాతం లోపు ఉంటే లైట్, అది దాటి 8 శాతం దాకా ఉంటే స్ట్రాంగ్. అమ్ముడయ్యేదాంట్లో ఎక్కువ భాగం స్ట్రాంగే. రుచి సంగతి ఎవరూ అడగరు, ఎందుకంటే చెప్పేవాళ్లు లేరు. గోధుమతో చేసేది, నల్లగా వేయించిన బార్లీతో చేసేది, ధనియాలూ నారింజ తొక్కా పడేది, మజ్జిగలా పుల్లగా ఉండేది ఇన్ని రకాలుంటే, మనవాళ్లు ముప్పై ఏళ్లుగా ఒకే రుచి తాగుతూ దాన్నే బీరు అనుకుంటున్నారు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

అదృష్టం ఏమిటంటే బెంగళూరు మనకు నాలుగు గంటల రైలు. సొంతంగా బీరు చేసి పోసే చోట్లు డూలాలీ పుణెలో 2009లో, టాయిట్ బెంగళూరులో 2010లో మొదలయ్యాయి. అమెరికాలో యాన్ ఆర్బర్ అనే ఊళ్లో పుట్టిన ఆర్బర్ బ్రూయింగ్ 2012లో బెంగళూరుకు వచ్చింది. అక్కడే తయారుచేసి అక్కడే పోసే ఇలాంటి చోట్లు ఇప్పుడా ఊళ్లో బోలెడు. కానీ అక్కడి నుంచి సీసాలు తెచ్చుకోవడానికి లేదు, పర్మిట్ లేకుండా రాష్ట్రం దాటిస్తే కేసు. అక్కడిది అక్కడే తాగి, కాగితం మీద ఎక్కించుకుని రావాలి. కాబట్టి ఈ ప్రాజెక్టులో రాతే అసలు సరుకు.

షీట్‌లో కాలమ్స్: పేరు, రకం, ఎక్కడ, ఏ నెల, ఆల్కహాల్ శాతం, చేదు, వాసన, దేంతో తిన్నాం, ఎవరికి చెప్పాలి. మార్కుల కాలమ్ కావాలని మా బావ పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. మే నెలలో చల్లగా ఉన్న దేనికైనా బావ పదికి తొమ్మిది వేస్తాడు. ఆ తొమ్మిది చూసి ఇంకొకరు నవంబరులో తాగితే వాళ్లకేం ఉపయోగం? చివరి కాలమ్ ఒక్కటి సరిగ్గా నిండితే మార్కుల అవసరమే ఉండదు.

మార్చి, రెండో వారం

బెంగళూరు వెళ్లే ముందు ముక్కుకు పని నేర్పాలి. వాసన పట్టలేనివాడు రుచి రాయలేడు. ఆదివారం వంటింట్లో కూర్చున్నాం. మాకు పాఠం చెప్పింది మా అక్క. అక్క బీరు ముట్టదు. కానీ సాంబారు పొడిలో మెంతులు రెండు గింజలు ఎక్కువ వేగినా గడప దగ్గరే చెప్పేస్తుంది.

కిరాణా కొట్లో బార్లీ గింజలు తెచ్చి ఇనుప పెనం మీద సన్న సెగన వేయించాం. మొదటి గుప్పెడు లేత రంగు తిరగగానే తీశాం. రెండోది బిస్కెట్ రంగు దాకా ఉంచాం. మూడోది కాఫీ గింజ రంగు వచ్చేదాకా, వంటింట్లో పొగ లేచేదాకా వేయించాం. ఒక్కో గుప్పెడు ఒక్కో గ్లాసులో వేసి, వేడినీళ్లు పోసి, మూత పెట్టి పది నిమిషాలు ఆగాం. మూత తీస్తే మొదటిదాంట్లో అప్పుడే వేయించిన అటుకుల వాసన. రెండోదాంట్లో బిస్కెట్, దాని వెనక వేయించిన చెనిక్కాయ పొట్టు. మూడోది అచ్చంగా చక్కెర వేయని డికాషన్, నాలుక అంచున కొంచెం వగరు. నీళ్ల రంగు కూడా వరసగా ఎండుగడ్డి, తేనె, నలుపు. మామూలు లేత రంగు బీరు లాగర్ నుంచి నల్ల బీరు స్టౌట్ దాకా ఉన్న దారి ఆ మూడు గ్లాసుల్లో కనిపించింది. ఐర్లండ్ తరహా స్టౌట్‌కు ఆ నలుపు, ఆ కాఫీ వాసన వచ్చేది ఇలా మొలక కట్టకుండా వేయించిన బార్లీ నుంచే.

బీరులో ప్రధానంగా పడేది మాత్రం మొలక కట్టిన బార్లీ, అంటే మాల్ట్. మన ఇళ్లలో రాగి మాల్ట్ ఎలా చేస్తామో అదే పద్ధతి: నానబెట్టడం, మూటగట్టి మొలకెత్తించడం, ఆరబెట్టడం, వేయించడం. మొలక వచ్చినప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. బీరు చేసేవాళ్లు ఆ మాల్ట్‌ను నూరి, 65 డిగ్రీల దగ్గర వేడినీళ్లలో గంటసేపు ఉంచి ఆ చక్కెరను దించుకుంటారు. తర్వాత చేదు కోసం హాప్స్ అనే పూలు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలుపుతారు.

రెండో పాఠం లవంగం, అరటిపండు. జర్మనీ గోధుమ బీరులో ఈ రెండు వాసనలూ వస్తాయి. అందులో లవంగం వెయ్యరు, అరటిపండూ వెయ్యరు. రెండూ ఈస్ట్ చేసే పని. పులిసేటప్పుడు వెచ్చదనం కాస్త పెరిగితే అరటి ముందుకొస్తుంది, తగ్గితే లవంగం.

మూడోది ధనియాలు. ఇక్కడి షాపులో దొరికిన ఒక గోధుమ బీరు సీసా తెరిచి, ఏమీ చెప్పకుండా అక్క ముందు పెట్టాం. వాసన చూసి, "దీంట్లో ధనియాలు కచ్చాపచ్చాగా దంచి వేసినారు, ఏదో చీనీ తొక్క లాంటిది కూడా పడింది" అంది. బెల్జియం తరహా విట్ బీరు అంటే అదే. అక్కడ హుగార్డెన్ అనే ఊళ్లో ఈ రకం పూర్తిగా ఆగిపోతే, పియర్ సెలిస్ అనే పాలవ్యాపారి 1966లో మళ్లీ మొదలుపెట్టాడు. ఒక మనిషి పట్టుదలతో ఒక రుచి బతికింది. ఈ సంగతి మావాళ్లకు చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అక్క ఇక మా వాసనల విభాగానికి పెద్ద.

ఏప్రిల్

మిద్దె మీద ఎండ పరీక్ష. ఒకే బీరు రెండు తెల్ల గాజు గ్లాసుల్లో పోసి, ఒకదానికి చుట్టూ పైనా ఫాయిల్ చుట్టి, రెండూ పక్కపక్కన ఎండలో పెట్టాం. అనంతపురం ఎండకు ఎక్కువసేపు అక్కర్లేదు. కాసేపటికి చూస్తే రెండూ ఒకేలా వేడెక్కాయి, కానీ ఫాయిల్ లేనిదాంట్లో కాలిన రబ్బరు, కుళ్లిన వెల్లుల్లి కలిసిన వాసన. ఫాయిల్ ఉన్నది చప్పగా ఉంది, అంతే. తప్పు వేడిది కాదు, వెలుగుది. హాప్స్ నుంచి వచ్చే చేదు పదార్థం వెలుగు తగిలితే విరిగి, గంధకం ఉన్న ఒక కొత్త పదార్థంగా మారుతుంది. అది చుక్కలో వెయ్యో వంతు ఉన్నా ముక్కు పట్టేస్తుంది. గోధుమ రంగు సీసా ఆ వెలుగును చాలావరకు ఆపుతుంది, పచ్చ సీసా అంతగా ఆపదు, తెల్ల సీసా అసలు ఆపదు. క్యాన్‌కు ఈ బాధే లేదు.

ఇక అటక పరీక్ష. ఒకే తేదీన తయారైన సీసాలు కొన్ని ఫ్రిజ్‌లో, కొన్ని వంటింటి అటక మీద, చీకట్లో. ఎండాకాలం గడిచాక చూడాలి.

మే చివర

అటక సీసాలు దించాం. పోల్చడానికి మూడు గ్లాసుల పద్ధతి: రెండింట్లో ఒకటే బీరు, మూడోదాంట్లో వేరేది. పోసేవాళ్లు వేరు, తాగేవాళ్లు వేరు. తేడాగా ఉన్నది ఏదో చెప్పాలి. గుడ్డిగా వేలు పెట్టినా మూడింట ఒకసారి సరిపోతుంది, అందుకని ఒకరిద్దరు సరిగ్గా చెప్పినంత మాత్రాన ఏమీ తేలదు. మావాళ్లు గ్లాసులు మార్చి మార్చి ఇచ్చినా దాదాపు అందరూ పట్టుకున్నారు. అటక మీదిది తడిసిన అట్టపెట్టె వాసన. నురగ లేచింది, రంగు మారలేదు, కానీ మాల్ట్ కమ్మదనం పోయి పాత తేనె లాంటి ఒక మొండి తీపి మిగిలింది. సీసాలో మిగిలిన కాస్త గాలి, దానికి తోడు వేడి, ఈ రెండూ బీరును ముసలిది చేస్తాయి.

ఇదే ఇప్పటిదాకా మా షీట్‌లో అన్నిటికంటే విలువైన ఫలితం. నలభై దాటే ఊళ్లో బీరు పేరు కంటే తేదీ ముఖ్యం. మూడు వారాల కిందటి మామూలు లాగర్, ఆరు నెలల పాత ఖరీదైన బీరు కంటే మేలు. షాపు అన్నకు ఈ సంగతి చెప్పి, కొత్త స్టాక్ ఏ రోజు దిగుతుందో కనుక్కుంటున్నాం. ఆయనకు కూడా ఆసక్తి పుట్టింది. "తేదీ చూసి అడిగేటోళ్లు మీరేనప్పా" అంటూ కూలర్ లోపలి వరస నుంచి తీసిస్తాడు. కర్నూలు, కడప మిత్రులకు ఫోన్‌లో మొదట చెప్పేది ఇదే: సీసా తిప్పి తేదీ చదువు, తర్వాత పేరు చూద్దాం.

జూన్ మొదట్లో, బెంగళూరు

పొద్దున రైలెక్కి, అక్కడ మెట్రో పట్టుకుని తిరిగాం. ఈ పనికి బండి తీయకూడదన్నది మా మొదటి నియమం. పెద్ద గ్లాసులు తీసుకోం, శాంప్లర్ పళ్లెమే. చిన్న చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు వస్తాయి, నలుగురం పంచుకుంటాం, మధ్యలో నీళ్లు.

ఈ నెలలో బోర్డుల మీద మామిడి ఉంటుంది. ఒకచోట మామిడి గోధుమ బీరు వచ్చింది. బావ గ్లాసు ఎత్తి, "మామిడి బీరంటివి, తీపేదప్పా?" అన్నాడు. అతని ముఖంలో నిజమైన నిరాశ. ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది కాబట్టి షీట్‌లో పెద్ద అక్షరాలతో రాశాను. గుజ్జు వేసిన తర్వాత ఈస్ట్ అందులోని చక్కెరను తినేస్తుంది. మిగిలేది వాసన, కొంచెం పులుపు, చివర పొడిగా దిగే రుచి. కవర్ జ్యూస్ రుచి ఆశించేవాళ్లకు ఇది చెప్పకూడదు. పచ్చిమామిడి ముక్క ఉప్పుకారంతో తినేవాళ్లకు తప్పకుండా చెప్పాలి. మన బంగినపల్లికి 2017లో జీఐ గుర్తింపు వచ్చింది, ఆ ఊరు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. పీచు లేని ఆ గుజ్జు, ఆ వాసన ఒక మంచి గోధుమ బీరులో ఎలా ఉంటుందో రుచి చూడాలని నా కోరిక. వెళ్లిన ప్రతి చోటా అడుగుతున్నాను.

జూలై

ఈ నెల కారం గురించి. బీరు గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది కారం తిండికి ఐపీఏ, అంటే హాప్స్ ఎక్కువ వేసిన చేదు బీరు, తాగమంటారు. మా నోళ్లు ఒప్పుకోలేదు. ఆంధ్రా చిల్లీ చికెన్ తెప్పించి, ఒకవైపు ఐపీఏ, ఇంకోవైపు గోధుమ బీరు పెట్టుకుని ముద్ద ముద్దకూ మార్చి చూశాం. ఐపీఏ చేదు, దాని ఆల్కహాల్, గ్యాస్ చురుకు కలిసి మిరపకాయ మంటను ఇంకో మెట్టు ఎక్కించాయి. గోధుమ బీరు నురగ, మాల్ట్ తీపి మంటను కిందికి దించాయి. చేదును కొలిచే లెక్కలో గోధుమ బీరు 8 నుంచి 15 దాకా ఉంటుంది, అమెరికా ఐపీఏ 40 నుంచి 70. బయటి దేశాల్లో కారం అంటే ఒక మోతాదు. ఎర్రకారం దోసె తినే కడప మనిషికి కారం అంటే ఇంకో మోతాదు. సలహా కూడా మారాలి కదా.

రాగి సంగటి, నాటుకోడి పులుసుకు అన్నిటికంటే బాగా కుదిరేది జర్మనీ ముదురు రంగు లాగర్, డుంకెల్. దాని బ్రెడ్ పైపొర లాంటి రుచి మసాలాకు దగ్గరగా వస్తుంది. ఇది నేను నూరు శాతం నమ్మకంతో చెబుతున్నాను. ఉడకబెట్టిన చెనిక్కాయలకు మాత్రం తాజా లాగర్ చాలు.

స్టౌట్‌ను ఇష్టపడనివాళ్లకు ఇచ్చే ముందు కాసేపు బయట పెట్టాలి. ఐసులా చల్లగా ఉంటే దాని వాసన మూసుకుపోతుంది, పది పన్నెండు డిగ్రీల దగ్గర విచ్చుకుంటుంది. జేబులో పెట్టుకెళ్లిన చెనిక్కాయ చిక్కీ కొరికి స్టౌట్ గుటక వేస్తే బావ మొదటిసారి నల్ల బీరును మెచ్చుకున్నాడు. "ఇది ముందే ఎందుకు చెప్పలేదు?" అని నన్నే అడిగాడు.

ఆగస్టు

ప్రశ్నల కాగితం తయారైంది. ఇందులో బీరు మాట ఒక్కటీ లేదు. బీరు పేర్లు తెలియని మనిషిని బీరు గురించి అడిగితే "ఏదో ఒకటి ఇయ్యి" అంటాడు. తిండి గురించి అడిగితే గంట మాట్లాడతాడు.

కాఫీలో చక్కెర కావాలా, వద్దా? వద్దంటే స్టౌట్, దాని చుట్టం పోర్టర్ వైపు. కాకరకాయ వేపుడు బెల్లం లేకుండా ఇష్టమా? అయితే ఐపీఏ. మజ్జిగ పుల్లబడినా తాగుతావా? అయితే బెర్లినర్ వైస్ లాంటి పుల్ల రకాలు. చీనీ రసంలో ఉప్పు వేసుకుంటావా? అయితే గోజె అడుగు. అది గోధుమ, ఉప్పు, ధనియాలు, పులుపు కలిసిన జర్మనీ బీరు. చీనీ తోటల మధ్య పెరిగిన మన జిల్లా మనిషికి అది మొదటి గుటకలోనే నచ్చుతుందని నా నమ్మకం, ఇప్పటిదాకా అలాగే జరిగింది. బాగా పండిన అరటిపండు ఇష్టమైనవాళ్లకు జర్మనీ గోధుమ బీరు. ఏదీ తేల్చుకోలేనివాళ్లకు విట్.

తాగనని చెప్పినవాళ్లను రెండోసారి అడగం. ఇది కాగితం పైన మొదటి లైన్.

గ్లాసు గురించి ఒక మాట కూడా కాగితంలో చేర్చాం. పాలు తాగిన గ్లాసులో, జిడ్డు పోని గ్లాసులో నురగ నిలవదు, నురగ లేకపోతే వాసన సగం పోతుంది. విడిగా ఒక గ్లాసు ఉంచుకుని, బాగా కడిగి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వాలి.

అక్టోబరు

దసరా తర్వాత మళ్లీ బెంగళూరు. ఈ కాలంలో బోర్డుల మీద మార్జెన్ ఉంటుంది. దీని కథ ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. జర్మనీలోని బవేరియాలో 1553లో ఒక కట్టుబాటు వచ్చింది: సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 దాకా మాత్రమే బీరు చేయాలి. ఎండాకాలంలో చేస్తే వేడికి పాడైపోయేది. అందుకని మార్చిలో కాస్త గట్టిగా చేసి, చల్లటి నేలమాళిగల్లో వేసవంతా దాచి, చలికాలం బీరు మొదలయ్యే ముందు ఖాళీ చేసేవాళ్లు. మార్చి బీరు కాబట్టి మార్జెన్. 1810 అక్టోబరులో మ్యూనిక్‌లో యువరాజు పెళ్లి వేడుకగా మొదలైన అక్టోబర్‌ఫెస్ట్‌కు తర్వాత ఇదే గుర్తుగా నిలిచింది. బెల్జియం పల్లెల్లో సెజాన్ కూడా ఇలాంటిదే, చలికాలంలో చేసి వేసవిలో పొలం పనివాళ్లకు ఇచ్చేవాళ్లు.

అంటే సీజన్ బీరు అనేది ఎండ, చలి, పంట కలిసి పుట్టించింది. మన సీమలో ఎండ వాళ్లకంటే ఎక్కువ, పంట వేరు. వాళ్ల క్యాలెండర్‌ను అలాగే అతికిస్తే మనకు కుదరదు. అందుకే మా షీట్‌లో నెలలను మన పద్ధతిలో కట్టాం. మార్చి నుంచి మే దాకా విట్, గోజె, తాజా లాగర్. మే చివర, జూన్‌లో మామిడి. వానలు పడి గాలి చల్లబడ్డాక మార్జెన్, డుంకెల్. డిసెంబరు, జనవరిలో స్టౌట్, పోర్టర్. హాప్స్ కోత ఆగస్టు, సెప్టెంబరుల్లో జరుగుతుంది. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో ఆ పంట ఉంది. కోసిన వెంటనే పచ్చి హాప్స్‌తో చేసిన బీరు ఎక్కడైనా పోస్తున్నారేమో కనుక్కుంటున్నాను.

మార్జెన్ గురించి ఎవరికి చెప్పాలి అన్న కాలమ్‌లో రాసింది: స్ట్రాంగ్ తప్ప వేరేది ముట్టనివాళ్లకు. ఆల్కహాల్ 6 శాతం అటూ ఇటూనే ఉంటుంది, కానీ మాల్ట్ నిండుగా ఉండి నోటికి బరువు తెలుస్తుంది. స్ట్రాంగ్‌లో వాళ్లు వెతికేది చాలాసార్లు ఆ బరువే. వాళ్లను ఒప్పించగలిగిన బీరు ఇది ఒక్కటే, మాకు ఇప్పటిదాకా దొరికినంతలో.

నవంబరు

షీట్ ఇప్పుడు మా చేతులు దాటింది. కడప మిత్రుడు తన ఆఫీసులో ప్రశ్నల కాగితం పంచాడు. కర్నూలు నుంచి ఒక అన్న ఫోన్ చేసి, "తేదీ చూసి కొన్నా తమ్ముడూ, నిజంగానే తేడా ఉండాది" అన్నాడు. ఆ మాటకు ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

మిగిలిన పనులు: ఫిబ్రవరిలో చెప్పదగ్గది ఏదీ ఇంకా తేలలేదు, బాక్ అనే జర్మనీ గట్టి లాగర్ రుచి చూడాలి. పుల్ల బీర్లకు తిండి కాలమ్ సగం ఖాళీ. చింతచిగురు పప్పుతో ఒకసారి చూడమని అక్క చెప్పింది. రాగి బీరు వరసలో ఒక్క అక్షరం కూడా పడలేదు. రాగికి బార్లీ లాంటి పొట్టు ఉండదు, చక్కెర నీళ్లు వడకట్టేటప్పుడు ఆ పొట్టే జల్లెడగా పనిచేస్తుంది కాబట్టి రాగితో చేయడం కష్టమని ఒక బ్రూవర్ వివరంగా చెప్పాడు. అయినా అప్పుడప్పుడు చేస్తామన్నాడు. బోర్డు మీదకు ఎప్పుడొస్తే అప్పుడు కబురు చేయమని నంబరు ఇచ్చి వచ్చాను. కబురు వచ్చిన వారమే రైలెక్కుతాం.